సగం వెలుతురు, రెండు కళ్లు

ఎనిమిది అంగుళాల అద్దం ఉన్న దుర్భిణి కొనేవాళ్లు వెలుతురు కోసమే కొంటారు. ఆరు చాలదనిపించి ఎనిమిదికి, ఎనిమిది చాలదనిపించి పదికి పోవడం ఈ పిచ్చి పట్టినవాళ్లందరికీ ఉన్నదే. అలాంటివాళ్ల మధ్యకు, అద్దం పోగుచేసిన వెలుతురును రెండు వాటాలు వేసి ఒక్కో కంటికి సగమే ఇచ్చే సామాను ఒకటి వచ్చింది. కన్ను పెట్టి చూసే కటకం, అంటే ఐపీస్, దానికి ఒకటి సరిపోదు, ఒకే రకానివి రెండు కావాలి. బరువెక్కువ. కొన్ని దుర్భిణులకు తగిలిస్తే అసలు ఫోకసే కుదరదు. ఇన్ని నష్టాలు తెలిసీ, దాంతో ఒకసారి చందమామను చూసినవాళ్లు మళ్లీ ఒంటికన్ను చూపుకు మనస్ఫూర్తిగా పోలేరు. దాన్ని బైనోవ్యూయర్ అంటారు. అరచేతిలో పట్టే ఈ నల్లటి లోహపు డబ్బాలో ఉన్న పనితనం బయటికి కనిపించదు. అందుకే దాని గురించి కాస్త వివరంగా రాయాలనిపించింది.

ముందు ఒక తికమక తీర్చాలి. ఇది బైనాక్యులర్ కాదు. బైనాక్యులర్ అంటే పక్కపక్కన బిగించిన రెండు చిన్న దుర్భిణులు. దేని కటకం దానిది, దేని వెలుతురు దానిది. బైనోవ్యూయర్ తగిలించే దుర్భిణికి పెద్ద అద్దం ఒక్కటే ఉంటుంది. అది తయారుచేసిన ఒక్క బొమ్మనే రెండు చేసి రెండు కళ్ల ముందూ పెట్టాలి. అక్కడ రెండు గొట్టాలను తిన్నగా నిలబెడితే పనైపోతుంది. ఇక్కడ వెలుతురునే చీల్చాలి.

రెండు కళ్లతో చూడాలన్న కోరిక దుర్భిణి పుట్టినప్పుడే పుట్టింది. 1608లో హాన్స్ లిపర్‌షే అనే కళ్లద్దాల పనివాడు తన గొట్టానికి పేటెంటు ఇమ్మని డచ్చి పాలకులను అడిగాడు. వాళ్లు పరీక్షించి, బాగుంది గానీ రెండు కళ్లతో చూసేలా చేసుకురమ్మన్నారు. చేసి ఇచ్చాడు. డబ్బు ముట్టింది, పేటెంటు మాత్రం రాలేదు. ఆ శతాబ్దంలోనే షెరూబాఁ దోర్లెయాఁ అనే ఫ్రెంచి కపూచిన్ సన్యాసి ఈ కోరికను జీవితాశయం చేసుకున్నాడు. 1671లో దృష్టిశాస్త్రం మీద ఒక పెద్ద గ్రంథం, 1677లో రెండు కళ్ల పరికరాల మీద మరో గ్రంథం అచ్చు వేయించాడు. రెండోదానికి పెట్టిన పేరు 'లా విజియోఁ పర్‌ఫెత్', అంటే పరిపూర్ణమైన చూపు. పేరులోనే ఆయన పట్టుదల తెలుస్తుంది. ఫ్రెంచివాళ్లు మా యానాంలో కొఠీ పెట్టింది 1723లో. అప్పటికి ఆ పుస్తకం వచ్చి దాదాపు యాభై ఏళ్లు. అందులో ఒక్క ప్రతి అయినా పుదుచ్చేరి మీదుగా ఈ గౌతమి ఒడ్డుకు వచ్చి ఉంటుందా అని ఊహించుకోవడం నాకు సరదా.

అయితే ఆ సన్యాసి చేయించినవన్నీ జంట గొట్టాలే. ఒకే కటకం నుంచి రెండు కళ్లకు పంచే పద్ధతి ఆకాశం చూసేవాళ్ల దగ్గర పుట్టలేదు, మైక్రోస్కోపుల వాళ్ల దగ్గర పుట్టింది. 1851లో అమెరికాలోని న్యూ ఆర్లియన్స్‌లో రిడెల్ అనే ఆచార్యుడు పట్టకాలతో ఈ పని చేసి చూపించాడు. 1860లో లండన్‌లో ఫ్రాన్సిస్ వెన్‌హామ్ ఒక చిన్న పట్టకంతోనే సాధించాడు. ఆయన పద్ధతిలో కటకానికి ఎడమ సగం నుంచి వచ్చిన కిరణాలు ఒక కంటికి, కుడి సగం నుంచి వచ్చినవి రెండో కంటికి పోతాయి. మైక్రోస్కోపుకు అది వరమే. రెండు సగాలు వస్తువును కొంచెం వేరువేరు కోణాల్లో చూస్తాయి కాబట్టి లోతు కూడా తెలుస్తుంది.

దుర్భిణికి ఆ పద్ధతి పనికిరాదు. దుర్భిణి ఎంత సన్నటి వివరం చూపగలదన్నది దాని అద్దం వెడల్పును బట్టి ఉంటుంది. 200 మిల్లీమీటర్ల అద్దం 0.58 ఆర్క్ సెకన్ల దూరంలో ఉన్న రెండు చుక్కలను విడదీస్తుంది. చంద్రుడి దూరంలో అది ఒక కిలోమీటరుకు కాస్త ఎక్కువ. ఆ అద్దాన్ని అడ్డంగా చెరిసగం చేసి పంచితే ఒక్కో కన్ను సగం అద్దంతో చూస్తుంది, అడ్డం దిక్కున వివరం అలుక్కుపోతుంది. అద్దాన్ని కోయకూడదు, వెలుతురును మాత్రమే కోయాలి. అద్దంలో ప్రతి బిందువు నుంచీ బయల్దేరిన ప్రతి కిరణమూ చీలి, సగం ఇటు, సగం అటు పోవాలి. అప్పుడు రెండు కళ్లూ మొత్తం అద్దంతోనే చూస్తాయి. తగ్గేది వెలుగొక్కటే, వివరం తగ్గదు. 1913లో జర్మనీలో లైట్జ్ సంస్థలో ఫెలిక్స్ యెంచ్ చేసిన జంట ఐపీసుల మైక్రోస్కోపు తల ఈ సూత్రం మీదే నడిచింది. ఈనాటి బైనోవ్యూయర్లన్నీ ఆ తలకు వారసులే.

ఆ తల మనకు కొత్తదేమీ కాదు. యానాంలోనో కాకినాడలోనో ఏ రక్తపరీక్షల ల్యాబులోకి తొంగిచూసినా బల్ల మీద అదే ఉంటుంది. మలేరియా సూక్ష్మజీవి కోసం గాజుపలక మీద రక్తపు చుక్కను వెతికే టెక్నీషియన్ రెండు కళ్లూ పెట్టే చూస్తారు. రోజంతా ఒంటికన్నుతో అలా చూడమంటే సాయంత్రానికి తలనొప్పి ఖాయం. విదేశాల్లో కొందరు ఔత్సాహికులు పాత మైక్రోస్కోపు తలలనే పీకి దుర్భిణులకు తగిలించుకున్నారు, ఇప్పటికీ తగిలించుకుంటున్నారు.

ఇంత సుఖమైన సాధనం పేరున్న వేధశాలల్లో ఎందుకు కనిపించదని అడగొచ్చు. విశాఖపట్నంలో అంకితం వెంకట నరసింగరావు గారు 1874 డిసెంబరు 9న సూర్యబింబం మీదుగా శుక్రుడు దాటిపోవడాన్ని ఆరంగుళాల దుర్భిణితో గమనించారు. అంతకు ఆరేళ్ల ముందు, 1868 ఆగస్టు 18 సంపూర్ణ సూర్యగ్రహణాన్ని ఫ్రెంచి శాస్త్రవేత్త జాన్సెన్ గుంటూరులో చూశాడు. గ్రహణం విడిచిన మర్నాడు కూడా సూర్యుడి అంచున ఎగసే జ్వాలలను వర్ణపటదర్శినితో పట్టుకున్నాడు. వాళ్లది కంటి కాలం, అదీ ఒక్క కంటి కాలం. వాళ్ల తర్వాత ఫొటో పలక కాలం వచ్చింది. హైదరాబాదు నిజామియా వేధశాల ఆకాశపటం తయారీలో పాలుపంచుకున్నది ఆ పలకలతోనే. పలకకు రెండు కళ్లు అక్కర్లేదు. శాస్త్రజ్ఞులు ఐపీస్ దగ్గరనుంచి లేచిపోయారు, ఆ కుర్చీలో ఔత్సాహికులు కూర్చున్నారు. బైనోవ్యూయర్ పూర్తిగా వీళ్ల సొత్తు. కొలవాల్సింది, రాసుకోవాల్సింది ఏమీ లేకుండా, చూడటం కోసమే చూసేవాళ్ల కోసం చేసిన వస్తువు. దాని మీద నాకున్న అభిమానంలో సగం ఇక్కడినుంచే వస్తుంది.

ఇక డబ్బా విప్పుదాం. మాటవరసకే, నిజంగా విప్పితే మళ్లీ కుదర్చడం ఎవరి తరమూ కాదు. దుర్భిణి నుంచి వచ్చిన వెలుతురు ముందుగా 45 డిగ్రీల వాలులో అతికించిన రెండు పట్టకాల అతుకును తాకుతుంది. ఆ అతుకులో ఒక పూత ఉంటుంది. లోహపు పూత అయితే మందం వెంట్రుకలో వెయ్యో వంతుకు లోపే. సగం వెలుతురు దాన్ని దాటి తిన్నగా పోవాలి, సగం తగిలి పక్కకు తిరగాలి. పూత ఇంకాస్త మందమైతే తిరిగేది ఎక్కువ, పలచనైతే దాటేది ఎక్కువ. లోహపు పూత కొంత వెలుతురును తానే మింగేస్తుంది. అందుకని మంచివాటిలో లోహం బదులు వేరువేరు పదార్థాల పలచటి పొరలను ఒకదానిమీద ఒకటి వేస్తారు. అవి మింగవు గానీ, వాటిలో తేడా వస్తే ఒక కంటికి చంద్రుడు తెల్లగా, రెండో కంటికి పిసరంత పసుపుగా కనిపిస్తాడు. రెండు కళ్లూ తెరిచి చూస్తే ఈ తేడా తెలియదు, ఒకదాని తర్వాత ఒకటి మూసి చూస్తే తెలిసిపోతుంది.

ధవళేశ్వరం దగ్గర గోదావరి గౌతమి, వసిష్ఠలుగా చీలుతుంది. నదికి వాటాలు సమానంగా ఉండాలన్న నియమం లేదు, ఏ పాయ ఎంత దూరం నడిచి సముద్రంలో కలిసినా అడిగేవాళ్లు లేరు. ఇక్కడ ఆ స్వేచ్ఛ లేదు. రెండు పాయలూ సమానంగా ఉండాలి, సమానమైన దూరం నడవాలి. పైగా చివర్లో మన తలలో మళ్లీ ఒక్కటిగా కలవాలి.

దూరాలు సమానం చేయడంలో ఉన్న తెలివి నాకు చాలా ఇష్టం. చాలా నమూనాల్లో అమరిక ఇలా ఉంటుంది. పూత మీద తగిలి పక్కకు తిరిగిన పాయ ఒక ఏటవాలు పట్టకంలో అడ్డంగా నడిచి, అవతలి వాలు మీద మళ్లీ తిరిగి, మొదట వచ్చిన దిక్కుకు సమాంతరంగా బయటికొస్తుంది. పూతను దాటి తిన్నగా వచ్చిన పాయ ముందుకు కొంత దూరం నడిచాక అలాంటిదే ఇంకో ఏటవాలు పట్టకంలో రెండో వైపుకు జరుగుతుంది. అంటే దీని నడక ఆ ముందుకు నడిచినంత మేర ఎక్కువైంది. ఆ లెక్క సరిచేయడానికి మొదటి పాయ దారిలో ఒక గాజు దిమ్మ పెడతారు. ఆ దిమ్మ దేన్నీ వంచదు, తిప్పదు, పెద్దది చేయదు. రెండో పాయ గాజులో ఎంత నడిచిందో ఇదీ అంతే నడిచేలా చూడటమే దాని ఉద్యోగం. అది లేకపోతే ఒక కంటికి ఫోకస్ కుదిరినప్పుడు రెండో కంటికి చెదురుతుంది.

ఏటవాలు పట్టకానికి ఇంకో గొప్ప గుణం ఉంది. దాని రెండు వాలు ముఖాలు కచ్చితంగా సమాంతరంగా ఉన్నంత కాలం, పట్టకం మొత్తం కొద్దిగా పక్కకు ఒరిగినా బయటికొచ్చే కిరణం దిక్కు మారదు. మొదటి ముఖం చేసిన తప్పును రెండో ముఖం దిద్దేస్తుంది. కాబట్టి సానపట్టేవాడు ముఖాలను సమాంతరంగా తీర్చి ఇస్తే, బిగించేవాడి చిన్నచిన్న పొరపాట్లను గాజే కప్పేస్తుంది. సానపట్టేవాడు తప్పు చేస్తే మాత్రం ఏ మరా దాన్ని దిద్దలేదు.

ఈ గుణం వల్లే కీలు కూడా సాధ్యమైంది. మనుషుల కంటిపాపల మధ్య దూరం ఒకరికి ఉన్నట్టు ఇంకొకరికి ఉండదు. పెద్దవాళ్లలో సగటున 63 మిల్లీమీటర్లు. బైనోవ్యూయర్లు సాధారణంగా 55 నుంచి 75 దాకా సర్దుబాటవుతాయి. ఎలాగంటే రెండు సగాలు నడుమ ఇరుసు చుట్టూ పుస్తకంలా మడుచుకుంటాయి. అలా మడిచినప్పుడు ఏటవాలు పట్టకాలు వచ్చే కిరణం చుట్టూ తిరుగుతాయి గానీ వెలుతురు నడిచే దూరం మారదు, బొమ్మ కూడా తిరగదు. పాత మైక్రోస్కోపు తలల్లో రెండు గొట్టాలను పక్కకు లాగి దూరం పెంచే పద్ధతి ఉండేది. ఒక్కొక్కరూ తమ కళ్లకు సరిపోయేలా లాగినప్పుడల్లా దారి పొడవు మారి ఫోకస్ కదిలిపోయేది. జైస్ సంస్థకు చెందిన సీడెన్‌టాఫ్ పేరు మీద ప్రసిద్ధమైన మడత పద్ధతి ఆ బాధ తప్పించింది. ఇంటికొచ్చిన పదిమంది చుట్టాలకు వరసగా చందమామను చూపించేవాడికి ఈ మడత విలువేమిటో తెలుస్తుంది.

ఆఖరి మజిలీ ఐపీసులు పెట్టే గూళ్లు. చూడటానికి ఇవి ఏమాత్రం గొప్పగా ఉండవు, రెండు గుండ్రటి రంధ్రాలు, అంతే. కానీ పరికరం మంచిదో కాదో తేలేది ఇక్కడే. ఒక లెక్క చెబుతాను. 20 మిల్లీమీటర్ల ఐపీస్ తన స్థానం నుంచి పదో వంతు మిల్లీమీటరు పక్కకు జరిగితే, కంటికి కనిపించే బొమ్మ దాదాపు 17 ఆర్క్ నిమిషాలు జరుగుతుంది. ఆకాశంలో ఉత్త కంటికి కనిపించే చందమామ వెడల్పులో అది సగం పైనే. వెంట్రుకంత కదలికకు ఇంత తేడా! ఆ జరగడం అడ్డంగా అయితే, అదీ కళ్లు దగ్గరకు చేరాల్సిన వైపు అయితే, ముక్కు దగ్గరి పుస్తకం చదవడానికి అలవాటుపడ్డ కళ్లు సర్దుకుపోతాయి. బయటివైపుకు అయితే కష్టపడతాయి. ఒక కన్ను పైకి, ఒక కన్ను కిందకి చూడాల్సి వస్తే మాత్రం ఒప్పుకోవు. ప్రకృతిలో వాటికి ఆ అవసరం ఎప్పుడూ రాలేదు.

చవక పరికరాల్లో ఐపీస్‌ను ఒక పక్కనుంచి చిన్న మరతో నొక్కి పట్టిస్తారు. నొక్కిన ప్రతిసారీ అది రెండో గోడవైపుకు ఒరుగుతుంది. ఎంత ఒరిగిందన్నది మర బిగించిన వేళ్ల మీద ఆధారపడుతుంది. మంచివాటిలో మర ఉండదు, ఉంగరం ఉంటుంది. ఉంగరం తిప్పితే లోపలి పట్టు చుట్టూతా ఒకేలా బిగుసుకుని ఐపీస్‌ను నట్టనడుమ నిలబెడుతుంది. తీసి పెట్టినా, తిప్పి పెట్టినా నడుమకే వస్తుంది. బాడర్ వంటి జర్మన్ తయారీదారులు పట్టకాల వెడల్పు మీద ఎంత శ్రద్ధ పెట్టారో ఈ ఉంగరాల మీదా అంతే పెట్టారు. చవక రకాల్లో పట్టకం నోరు చిన్నదై విశాలమైన ఐపీస్ పెడితే అంచులు చీకటవుతాయి. దాన్ని భరించవచ్చు. గూళ్లు సరిగా లేకపోతే భరించలేం.

మరి అధిక వర్ధనం కావాలంటే ఐపీస్ చిన్నది పెట్టాలి కదా, 10 మిల్లీమీటర్లది పెడితే ఆ పదో వంతు కదలికే 34 నిమిషాలు అవుతుంది కదా? అవుతుంది. అందుకే అనుభవం ఉన్నవాళ్లు ఆ దారిన పోరు. బొమ్మను పెద్దది చేసే బార్లో కటకాన్ని బైనోవ్యూయర్ ముక్కుకు, అంటే వెలుతురు చీలడానికి ముందే బిగిస్తారు. చీలకముందు ఎంత పెద్దది చేసినా రెండు కళ్లకూ ఒకేలా పెద్దదవుతుంది, పొత్తు చెడదు. చీలాక పెద్దది చేస్తే పొరపాటు కూడా పెద్దదవుతుంది. ఐపీసులు మాత్రం ఎప్పుడూ 20, 25 మిల్లీమీటర్లవే. వాటిలోకి కన్ను పెట్టడం కూడా హాయి.

బార్లో ఇంకో బాకీ కూడా తీరుస్తుంది. బైనోవ్యూయర్ లోపల వెలుతురు నడిచే దారి సుమారు 100 మిల్లీమీటర్లు. అంటే దుర్భిణి బొమ్మను అంత మేర ఎక్కువ బయటికి అందించాలి. మనలో ఎక్కువమంది దగ్గర ఉండే డాబ్సోనియన్ రకం దుర్భిణుల్లో ఫోకసర్‌కు అంత వెసులుబాటు ఉండదు. ఎంత లోపలికి తిప్పినా చందమామ తెల్లటి మసకగానే ఉండిపోతుంది. కొందరు దీనికి గొట్టం కోసి అద్దాన్ని ముందుకు జరుపుతారు. గుండె దిటవున్నవాళ్లు వాళ్లు. బార్లో పెడితే బొమ్మ బయటికి జరిగి ఆ లోటు తీరుతుంది. దాని మీద రెండు రెట్లని రాసి ఉన్నా, ఇక్కడ దాని వెనక దూరం పెరగడం వల్ల వర్ధనం అంతకంటే బాగా ఎక్కువే వస్తుంది. ప్రత్యేకంగా ఈ పనికే చేసిన కటకాలైతే, మందపాటి గాజులోంచి కోసుగా వచ్చే వెలుతురు వల్ల పుట్టే రంగుల అంచులను కూడా సరిచేస్తాయి.

నేను పెట్టుకునే అమరికలో చందమామకు వర్ధనం 150 దగ్గర నిలుస్తుంది. యానాం 16.7 డిగ్రీల అక్షాంశంలో ఉంది. గ్రహాలు, చంద్రుడు మనకు బాగా పైనుంచి పోతాయి. 2026 జనవరిలో గురుడు మిథునరాశిలో ఉన్నప్పుడు నడిరాత్రి నడినెత్తికి ఐదారు డిగ్రీల దూరంలోకి వచ్చాడు. అంత ఎత్తులో గాలి పొర పలచన, బొమ్మ వణుకు తక్కువ. డాబా మీద పెడితే మాత్రం పగలంతా కాగిన సిమెంటు రాత్రి సెగలు వదులుతుంది. గురుడు ఉడుకుతున్నట్టు కనిపిస్తాడు. నది ఒడ్డున, మట్టి మీద పెట్టడమే మేలు. బీచ్‌లో దీపాల వెలుగు, ఎదుర్లంక వంతెన మీద బండ్ల వెలుగు చంద్రుణ్ణీ గురుణ్ణీ ఏమీ చేయలేవు. అవి చెడగొట్టేది మసక నెబ్యులాలను, ఆ సంగతి తర్వాత చెబుతాను.

చూడటం మొదలుపెట్టగానే మొదట మారేది ఒళ్లు. ఒంటికన్నుతో చూసేటప్పుడు రెండో కంటిని మూసిపెట్టడానికి మొహంలో సగం కండరాలు పనిచేస్తుంటాయి, మనకు తెలియదు. రెండు కళ్లూ తెరిచి స్టూలు మీద కూర్చోగానే అవన్నీ వదులవుతాయి. భుజాలు దిగుతాయి. చూపు ఆదరాబాదరాగా వెతకడం మాని ఒకచోట నిలుస్తుంది. గ్రహాల మీద వివరం నిలకడగా చూస్తేనే దొరుకుతుంది. గాలి ఒక్క క్షణం నిమ్మళించినప్పుడు గురుడి పట్టీల్లో ఒక ముడి కనిపించి మాయమవుతుంది. ఆ క్షణానికి మనం అక్కడ ఉండాలి. ఈ పరికరం మనల్ని అక్కడ కూర్చోబెడుతుంది.

రెండోది నలుసులు. వయసు నలభై దాటినవాళ్ల కళ్లలో చిన్నచిన్న దారాలు, చుక్కలు తేలుతుంటాయి. దుర్భిణి నుంచి వచ్చే వెలుతురు కట్ట సన్నబడేకొద్దీ, ఒక మిల్లీమీటరుకు లోపు అయ్యేసరికి, అవి చందమామ మీద నల్లగా ఈదుతూ కనిపిస్తాయి. రెండు కళ్లలో నలుసులు ఒకే చోట ఉండవు కదా. ఒక కంటికి అడ్డొచ్చినది రెండో కంటికి అడ్డురాదు, మెదడు అడ్డురానిదాన్నే తీసుకుంటుంది. ఒక్క ఈ కారణానికే దీన్ని కొనుక్కున్న పెద్దలున్నారు.

మూడోది కొలిచి చూసిన సంగతి. 1965లో కాంబెల్, గ్రీన్ అనే ఇద్దరు పరిశోధకులు, రెండు కళ్లతో చూస్తే సన్నటి వెలుగునీడల తేడాను పసిగట్టే శక్తి ఒంటికన్నుకంటే సుమారు 1.4 రెట్లు పెరుగుతుందని చూపించారు. రెండు కళ్లూ చెరో కబురు పంపితే మెదడు వాటిని సరిపోల్చి, రెండింటిలోనూ ఉన్నది నిజమనీ ఒకదానిలోనే ఉన్నది రొద అనీ తేల్చుకుంటుంది. కాబట్టి సగం పోయిన వెలుతురులో కొంత తలలో తిరిగి వస్తుంది. చందమామ విషయంలో అసలు పోయిన బాధే లేదు. ఎనిమిది అంగుళాల అద్దంలో పున్నమికి దగ్గరి చంద్రుడు కళ్లు చెదిరేంత వెలుగు. సగమైతేనే హాయి.

ఇక అందరూ చెప్పే ఆ గుండ్రటితనం. పిల్లలు చూసి "కుందేలేదండీ?" అని అడుగుతారు. ఇంత దగ్గరగా చూస్తే కుందేలు ఉండదు, దాని చెవి మీది ఒక్క మచ్చే కన్ను నిండిపోతుంది. పెద్దవాళ్లు మాత్రం "ఆయ్, బంతిలా ఉందండీ!" అంటారు. నిజానికి అది కళ్లు చేసే మాయ. 1838లో వీట్‌స్టన్ చూపించినట్టు, లోతు తెలియాలంటే రెండు కళ్లకూ కొంచెం తేడా ఉన్న బొమ్మలు అందాలి. ఇక్కడ రెండు కళ్లకూ అందేది ఒకే అద్దం చేసిన ఒకే బొమ్మ, తేడా ఏమీ లేదు. 3,84,400 కిలోమీటర్ల దూరంలోని గోళం మీద మన రెండు కళ్ల మధ్య దూరం ఏ లెక్కలోకి వస్తుంది గనక? అయినా కోపర్నికస్ బిలం మీద పొద్దుపొడుపు పడుతున్నప్పుడు, 93 కిలోమీటర్ల ఆ గోడలు మెట్లుమెట్లుగా కిందకి దిగుతున్నట్టే ఉంటాయి. నాకు తోచిన కారణం ఇది. ఒంటికన్నుతో చూసినప్పుడు మెదడు దాన్ని ఒక చదునైన బొమ్మగా లెక్కేస్తుంది. రెండు కళ్లూ ఏకమై ఒకే సాక్ష్యం చెప్పినప్పుడు, ఎదురుగా ఉన్నది వస్తువేనని నమ్మి, నీడలను బట్టి దానికి ఒంపులు తానే పోస్తుంది. ఇందులో కల్పన ఉంది, కాదనను. అబద్ధం మాత్రం లేదు, ఆ గోడలు నిజంగానే దిగుతున్నాయి.

కల్పన కాని పరీక్ష కావాలంటే ప్లేటో బిలం ఉంది. 101 కిలోమీటర్ల వెడల్పు, నేల నల్లగా నునుపుగా ఉంటుంది. ఆ నేల మీద రెండు మూడు కిలోమీటర్ల చిన్న బిలాలు కొన్ని ఉన్నాయి. గాలి బాగున్న రాత్రి ఒంటికన్నుతో వాటిని చూశాననుకోవడానికి, రెండు కళ్లతో చూశాననడానికి మధ్య తేడా అనుభవిస్తేనే అర్థమవుతుంది.

దీని బలహీనతలు కూడా చెప్పాలి. సగం వెలుతురు అంటే నక్షత్రాల వెలుగు కొలతలో 0.75 మాగ్నిట్యూడ్ నష్టం. మసక పదార్థాల విషయంలో ఎనిమిది అంగుళాల అద్దం ఒక్కో కంటికి ఐదున్నర అంగుళాలదైపోతుంది. పాలపుంతలోని నెబ్యులాలు, దూరపు గెలాక్సీలు చూడాలంటే బైనోవ్యూయర్ తీసి పక్కన పెట్టడమే. కొందరు వాటికీ ఇదే బాగుంటుందని వాదిస్తారు, నేను ఒప్పుకోను. కిలో దగ్గరి బరువు గొట్టం కొసన వేలాడి దుర్భిణి ముక్కు కిందకి వాలుతుంది. అడుగున ఇనుప గొట్టానికి అయస్కాంతాలు అతికించి సరిచేసుకోవాలి. కళ్లు మరీ దగ్గరగా ఉన్న చిన్నపిల్లలకు ఇది కుదరదు. లావు ఐపీసులు పెడితే మధ్యలో ముక్కుకు చోటుండదు. చలికాలంలో మన ఊపిరే ఐపీసుల మీద ఆవిరై కూర్చుంటుంది. సూర్యుణ్ణి చూసేవాళ్లు దుర్భిణి నోటికి అడ్డంగా సరైన ఫిల్టరు పూర్తిగా మూసేలా పెట్టాకే దగ్గరికి రావాలి. ఇక్కడ పోతే రెండు కళ్లూ పోతాయి.

మన డెల్టా గాలికి ఇంకో శత్రువుంది, బూజు. ఉప్పుగాలి, వానాకాలపు చెమ్మ కలిస్తే గాజు మీది పూతల్లోకి, అతుకుల్లోకి సాలెగూడులాంటి తెల్లటి పోగులు పాకుతాయి. ఐపీస్ అయితే విప్పి తుడిపించుకోవచ్చు. పట్టకాల అతుకులోకి పోతే ఇక అంతే. వాడనప్పుడు గాలి చొరని డబ్బాలో, సిలికా జెల్ సంచులతో పెట్టాలి. ఆ సంచులను అప్పుడప్పుడూ వేడిచేసి ఆరబెట్టాలి. మంచుకు తడిసిన పరికరాన్ని తెచ్చిన వెంటనే మూత పెట్టకూడదు.

కొనేవాళ్లు అంగట్లోనే చేయగల పరీక్ష ఒకటుంది. పగటిపూట దూరంగా ఉన్న సెల్ టవర్ కొసనో, రాత్రి అవతలి ఒడ్డున ఒక్క దీపాన్నో చూడండి. ఎడమ కన్ను మూసి కుడికంటికి, కుడి కన్ను మూసి ఎడమకంటికి వేర్వేరుగా ఫోకస్ చేయండి. తర్వాత ఒక ఐపీస్‌ను మాత్రం బాగా చెదరగొట్టండి. ఒక కంటికి దీపం చుక్కగా, రెండో కంటికి వెడల్పాటి వెలుగు బిళ్లగా ఉంటుంది. ఇప్పుడు మెదడు వాటిని బలవంతంగా కలపదు, ఉన్నవి ఉన్నట్టు చూపిస్తుంది. చుక్క బిళ్ల నడుమ ఉంటే మంచిది. అడ్డంగా కొంచెం జరిగి ఉంటే ఫరవాలేదు. బిళ్లకు పైనో కిందో ఉంటే ఐపీసులను కొంచెం కొంచెం తిప్పి బిగించి మళ్లీ చూడండి. తిప్పినప్పుడల్లా చుక్క చోటు మారితే లోపం గూళ్లలోనో ఐపీసుల్లోనో ఉంది. ఎలా తిప్పినా పైనే ఉండిపోతే లోపం పట్టకాల్లో ఉంది, దాన్ని తీసుకోకండి.